హంపీ నుంచి తంజావూరు దాకా: తాటాకుల వెంట ఏడు రోజులు

మొదటి రోజు, హంపీ

మా మనవరాలు వేసవి సెలవుల్లో ఒక కథ చదివి నాకు చెప్పింది. వేల నక్షత్రాలను ఏలిన సామ్రాజ్యం ఒకటి కూలిపోతుంటుంది. రాజధానిలో పెద్ద గ్రంథాలయం ఉంటుంది. అందరూ ఓడలెక్కి పారిపోతున్నా కొందరు పండితులు ఆ పుస్తకాల దగ్గరే ఉండిపోతారు. కథంతా చెప్పి, "అమ్మమ్మా, మన రాజ్యాలు కూడా పోయాయి కదా, అప్పుడు మన పుస్తకాలను ఎవరు చూసుకున్నారు?" అని అడిగింది.

ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పినదాన్ని. అయినా సరైన జవాబు చెప్పలేకపోయాను. మనుచరిత్ర పద్యాలు నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాను గానీ, అవి పెద్దన గంటం నుంచి నా చేతిలోని అచ్చు పుస్తకం దాకా ఏ దారిన వచ్చాయో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ దారి చూద్దామని డిసెంబరులో బయలుదేరాను. సంచిలో రెండు చీరలు, ఒక నోటుపుస్తకం, మా పుట్టింటి అటక మీద దొరికిన తాటాకుల కట్ట ఒకటి. ఆ కట్టలో ఏముందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మొదటి ఆకులూ లేవు, చివరి ఆకులూ లేవు.

హొసపేటలో రైలు దిగి, పొద్దున్నే హంపీ చేరాను. విరూపాక్షుణ్ణి చూసుకుని నేరుగా రాజప్రాసాదాలు ఉండిన చోటికి వెళ్ళాను. మహర్నవమి దిబ్బకు దగ్గర్లోనే పెద్ద రాతి అరుగు ఉంది. దాని మీద వరసలు వరసలుగా స్తంభాలు నిలిపిన ఆనవాళ్ళు, వరసకు పది చొప్పున వంద. స్తంభాలు కొయ్యవి కాబట్టి ఒక్కటీ మిగల్లేదు. భువనవిజయం ఇదేనని గైడ్లు చెబుతారు. అవునో కాదో నేను తేల్చలేను. ఎక్కడైతేనేం, కృష్ణరాయలు కొలువు తీరిన నగరం ఇదే. పెద్దనను కూర్చోబెట్టి కావ్యం చెప్పించుకున్న నగరం ఇదే.

1565 జనవరిలో దక్కన్ సుల్తానులతో తళ్ళికోట యుద్ధం. అళియ రామరాయలు రణరంగంలోనే చనిపోయాడు. తమ్ముడు తిరుమలరాయలు వెనక్కి వచ్చి, ఖజానాను ఏనుగుల మీద ఎక్కించుకుని పెనుకొండ దారి పట్టాడు. ఆ తర్వాత నెలల తరబడి దోపిడీ, మంటలు. రెండేళ్ళకు 1567లో చెజారే ఫెదెరీచి అనే వెనిస్ వర్తకుడు ఇక్కడికి వచ్చాడు. ఇళ్ళు నిలబడే ఉన్నాయనీ, మనుషులు మాత్రం లేరనీ, వాటిలో పులులూ అడవి మృగాలూ తిరుగుతున్నాయని చెబుతున్నారనీ రాసుకున్నాడు.

ఆ అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను. ఏనుగుల మీద బంగారం వెళ్ళిందని చరిత్ర చెబుతోంది. పుస్తకాలు వెళ్ళాయని ఎవరూ రాయలేదు. తాటాకు ఎంత తొందరగా అంటుకుంటుందో పల్లెలో పెరిగినవాళ్ళకు తెలుసు. మరి మనుచరిత్ర ఎలా మిగిలింది? ఆ మంటలు లేచేనాటికే దాని ప్రతులు ఈ ఊరి బయట ఎక్కడెక్కడో ఉండి ఉండాలి. ఏ అగ్రహారంలోనో, ఏ కరణం ఇంట్లోనో, ఏ పల్లెటూరి పండితుడి దూలానికి కట్టిన గుడ్డ మూటలోనో. రాజధానిలో గ్రంథాలయం కోసం వెతకడం నాదే పొరపాటనిపించింది.

రెండో రోజు, పెనుకొండ

బళ్ళారి, అనంతపురం మీదుగా బస్సులో ఒక రోజు ప్రయాణం. పెనుకొండలో చూసింది తక్కువే. సాయంత్రం అయిపోయింది, కొండ ఎక్కలేదు. గగనమహల్ ముందు నిలబడి, పాతికేళ్ళుగా పాఠం చెప్పిన ఒక విషయాన్ని ఆ రోజు మొదటిసారి నిజంగా అర్థం చేసుకున్నాను.

రామరాజభూషణుడి వసుచరిత్ర తిరుమలరాయలకు అంకితం. పరీక్షల్లో ఒక మార్కు ప్రశ్నగా ఎన్నిసార్లు ఇచ్చానో. ఆ తిరుమలరాయలే హంపీ నుంచి ఏనుగులతో వచ్చినవాడు. అన్న తల పోయింది, రెండు వందల ఏళ్ళ రాజధాని పోయింది. ఈ కొండ కింద కొత్త కొలువు పెట్టుకుని, తెలుగులోకెల్లా కష్టమైన శ్లేషకావ్యాన్ని అంకితం తీసుకున్నాడు. ఒక్కో పద్యంలో రెండు మూడు అర్థాలు పొదిగే ఓపిక, ఆ ఓపికను మెచ్చుకునే తీరిక ఆ రోజుల్లో ఎక్కడి నుంచి వచ్చాయి! భయంలో ఉన్నవాళ్ళు ఇలాంటి పని చేయరని మనం అనుకుంటాం. నా ఆలోచన వేరు. భయంలో ఉన్నవాళ్ళకే ఆ పని ఎక్కువ అవసరమై ఉంటుంది.

మూడో రోజు, కడప

కడపలో ఎర్రముక్కపల్లెకు వెళ్ళాను. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ బంగళా ఉండిన చోటే ఇప్పుడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది. బంగళా కూలిపోయి మొండిగోడలు మిగిలిన దశలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి, ఊరూరా విరాళాలు పోగుచేసి ఈ గ్రంథాలయాన్ని నిలబెట్టారు.

బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1825 నాటికి తెలుగు సాహిత్యం కొడిగట్టిన దీపంలా ఉందని ఆయనే తర్వాత రాసుకున్నాడు. ఆ మాట అతిశయోక్తి కాదు. పోషించే రాజులు లేరు. జమీందార్లు కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. పండితుల పిల్లలు కచేరీ ఉద్యోగాల వైపు వెళ్తున్నారు. తాటాకు గ్రంథాన్ని రెండు మూడు తరాలకొకసారి ఎవరో ఒకరు కూర్చుని ఎత్తి రాయకపోతే అది అక్కడితో ఆగిపోతుంది. తగలబెట్టడానికి శత్రువు రానక్కర్లేదు. ఒక తరం పట్టించుకోకపోతే చాలు, చెదలు మిగతా పని చూసుకుంటాయి.

బ్రౌన్ చేసిన పని ఇదీ. సొంత డబ్బుతో, అది చాలక అప్పులు చేసి, పండితులనూ వ్రాయసగాళ్ళనూ జీతాలకు పెట్టుకున్నాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి పెద్దగా ఉండి ఆ పనంతా నడిపించాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవారు. ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి, పద్యానికి పద్యం పోల్చేవారు. ఎక్కడ మాట తేడా వస్తే అక్కడ పాఠాంతరం రాసుకునేవారు. అలా శుద్ధప్రతి తయారయ్యేది. నిన్న పెనుకొండలో తలచుకున్న వసుచరిత్రకు జూలూరి అప్పయ్య చేత వ్యాఖ్య రాయించి అచ్చు వేయించింది ఈ బ్రౌనే. మనుచరిత్రకూ అంతే. పండితులు పక్కన పెట్టిన వేమన పద్యాలను వెతికి ఏరి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో ప్రచురించింది కూడా ఆయనే.

బ్రౌన్ విగ్రహాలు చూశాం, బ్రౌన్ పేరు చెప్పుకుంటాం. అది న్యాయమే. కానీ రోజంతా నేల మీద కూర్చుని, మోకాలి మీద పలక పెట్టుకుని, వంచిన తల ఎత్తకుండా రాసిన వ్రాయసగాళ్ళలో ఎంతమంది పేర్లు మనకు తెలుసు? పాత ప్రతుల చివర వాళ్ళు రాసుకునే శ్లోకం ఒకటుంది. వీపు, నడుము, మెడ విరిగిపోయాయి, చూపు బిగుసుకుపోయింది, తల వంచుకుని కష్టపడి రాశాను, దీన్ని జాగ్రత్తగా కాపాడండి అని దాని అర్థం. పేరు చెప్పుకోకపోయినా నొప్పి చెప్పుకున్నారు.

కేంద్రంలో ఒక పెద్దాయన పరిచయమయ్యారు. పండితుడు, తాటాకులు చదవడంలో చెయ్యి తిరిగినవారు. నా కట్ట విప్పి చూపించాను. నలభై మూడు ఆకులు. ఆయన ఒక ఆకు తీసి కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టుకున్నారు.

"చదువు తల్లీ, నువ్వు తెలుగు మేష్టరమ్మవు కదా" అన్నారు.

మాటకూ మాటకూ మధ్య ఎడం లేదు. పద్యపాదం ఎక్కడ ముగిసిందో గుర్తు లేదు. కూడబలుక్కుని "దువారో" అని చదివి ఆగిపోయాను.

"ఆ వా పక్కన చిన్న కొక్కెంలాగా ఉంది చూడు. వలపల గిలక. అది ర. వా కంటే ముందు పలకాలి."

దుర్వారో. దుర్వారోద్యమ! నా ఒళ్ళు ఝల్లుమంది. విరాటపర్వంలో ద్రౌపది కీచకుణ్ణి హెచ్చరించే పద్యం. తరగతి గదిలో ఎన్ని వందలసార్లు చదివానో. మా తాతలనాటి ఆకు మీద అదే పద్యం ఉంటే గుర్తుపట్టలేకపోయాను.

ఆ సంతోషం కాస్త తగ్గాక ఇంకొక మాట కూడా మనసులోకి వచ్చింది. ఇది ఎవరూ చూడని అపూర్వ గ్రంథమేమోనని లోలోపల ఆశ పెట్టుకున్నాను. విరాటపర్వం అంటే అందరిళ్ళలోనూ ఉండేదే. వానలు పడకపోతే ఊళ్ళలో చదివించేవారు. ఆ మాటే ఆయనతో అన్నాను.

"అందరిళ్ళలో ఉంది కాబట్టే బతికిందమ్మా" అన్నారాయన. "తిక్కనను ఆదరించిన మనుమసిద్ధి రాజ్యం ఉందా? లేదు. ఆ తర్వాతి కాకతీయులు ఉన్నారా? వాళ్ళూ లేరు. మీ తాత లాంటి వాళ్ళు రాసుకున్నారు, అంతే."

ఆకులను ఆయనే వరసలో పెట్టి, ఆకు ఎడమ పక్క ఉన్న అంకెలు ఎలా చదవాలో నేర్పించారు. మధ్యలో నాలుగు ఆకులు లేవని అప్పుడు తెలిసింది.

నాలుగో రోజు

కడప నుంచి చెన్నై దాకా రైలు. రేణిగుంట దాటాక నిద్రపోయాను. చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

అయిదో రోజు, చెన్నై

ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం 1869లో ఏర్పడింది. తాటాకులూ కాగితపు ప్రతులూ కలిపి 70 వేలకు పైగా ఉన్నాయి. దీనికి పునాది మూడు సేకరణలు: దేశం కొలతలు తీసిన కంపెనీ సైనికాధికారి కల్నల్ కాలిన్ మెకంజీది, కంపెనీ డాక్టరూ భాషాపండితుడూ అయిన జాన్ లైడన్‌ది, మన బ్రౌన్‌ది. లైడన్ 1811లో జావాలో చనిపోతే ఆయన పుస్తకాలు లండన్ చేరాయి. అక్కడ కంపెనీ కార్యాలయమైన ఇండియా హౌస్‌లో మూలపడి ఉన్న దక్షిణాది భాషల ప్రతులను, రెండు వేల పైచిలుకు, బ్రౌన్ గుర్తుపట్టి మద్రాసుకు తెప్పించాడు. పరాయి దేశానికి వెళ్ళిపోయిన పుస్తకాలు తిరిగి రావడం ఎంత అరుదో మనకు తెలుసు.

ఇక్కడ నేను ఎక్కువసేపు ఆలోచించింది మెకంజీ గురించి కాదు, ఆయన దగ్గర పనిచేసిన కావలి అన్నదమ్ముల గురించి. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. ఏలూరు వాళ్ళు. మెకంజీకి మన భాషలు రావు. ఊరూరా తిరిగి శాసనాలు చదివి, కరణాల దగ్గరున్న కవిలెలు, అంటే ఊరి లెక్కల పుస్తకాలు, విప్పించి, గుళ్ళ చరిత్రలూ వంశాల కథలూ రాయించినవాళ్ళు ఈ అన్నదమ్ములూ వాళ్ళు తయారుచేసిన మనుషులూ. ఆ పాత కవిలెల్లో చాలావాటికి ఇప్పుడు మిగిలిన సాక్ష్యం వాళ్ళు రాయించిన కైఫీయతులనే స్థానిక చరిత్రలే. రాజ్యాలు చేతులు మారుతున్న ఆ కాలంలో, రేపు ఈ కరణం ఉండడు, ఈ కవిలె ఉండదు అని తెలిసినట్టే పని చేశారు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే చనిపోయాడు. మెకంజీ 1821లో పోయాడు. ఆ సేకరణను కంపెనీ ప్రభుత్వం ఆయన భార్య దగ్గర కొనుక్కుంది.

తర్వాత లక్ష్మయ్య ఈ పనిని తాను కొనసాగిస్తానని అర్జీ పెట్టుకున్నాడు. ఎవరు ఏ ఊళ్ళో ఏ మాట చెప్పారో, ఏ శాసనం ఎక్కడిదో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఒక స్థానికుడికి అంత సామర్థ్యం ఉండదని తోసిపుచ్చారు. ఆ పని విలియం టేలర్ అనే మతాచార్యుడికి అప్పగించారు. టేలర్ పనిని తక్కువ చేయను. అప్పటికే సిరా వెలిసిపోతున్న కాగితాలను ఆయన తిరిగి రాయించాడు కాబట్టే కొన్ని మనకు దక్కాయి. అయినా లక్ష్మయ్యకు జరిగింది అన్యాయం. ఇన్నేళ్ళ తర్వాత చదివినా కడుపు మండుతుంది. ఆయన తలలో ఉన్నది ఆయనతోనే పోయింది. ఏ భాండాగారమూ దాన్ని తెచ్చిపెట్టలేదు.

వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, మానవల్లి రామకృష్ణకవి గారు పనిచేసిన సంస్థ ఇది. ఆ పేర్లు తలచుకుంటూ లోపలికి వెళ్ళాను. అక్కడి ఉద్యోగిని ఒకమ్మాయి, మన తెలుగు పిల్లే, నా కట్టను చూసి ముందుగా ముక్కు దగ్గర పెట్టుకుంది.

"దీనికి నూనె రాశారా మేడమ్?"

రాశాను. ఆకులు పెళుసుగా ఉన్నాయని ఇంట్లో ఉన్న కొబ్బరినూనె రాశాను. ఆ అమ్మాయి కోప్పడలేదు, నెమ్మదిగా వివరించింది. వంటనూనెలు ఆకు మీద జిగటగా నిలిచిపోతాయి. దుమ్ము పడుతుంది, పురుగు చేరుతుంది. నిమ్మగడ్డి నూనె అయితే ఆకును మెత్తబరుస్తుంది, ఆ వాసనకు పురుగు రాదు. అక్షరాలు వెలిసిపోయిన చోట మసి పూసి తుడిస్తే గంటం గీసిన గాట్లలో మసి నిలబడి అక్షరం మళ్ళీ కనిపిస్తుంది. అది కూడా నన్ను సొంతంగా చేయొద్దంది. కట్టుదారం మరీ బిగించకూడదు, వదులుగానూ ఉంచకూడదు. బిగిస్తే అంచులు విరుగుతాయి, వదులైతే ఆకులు ఒకదానికొకటి రాసుకుంటాయి. పుస్తకమే మాట్లాడుతున్నట్టు పాత శ్లోకం ఒకటుంది: నన్ను నూనె నుంచి కాపాడు, నీటి నుంచి కాపాడు, వదులైన కట్టు నుంచి కాపాడు, మూర్ఖుడి చేతికి ఇవ్వకు. నూనె అన్న మాట అందులో మొట్టమొదట ఎందుకుందో ఆ పూట తెలిసింది.

మొత్తం ఎత్తి రాసుకోవాలనుందని చెప్పాను.

"తప్పకుండా రాయండి. ఒక్కటే మేడమ్. పురుగు తిన్నచోట ఏ మాట ఉండాలో మీకు తెలిసినా సరే, అచ్చు పుస్తకం చూసి పూరించకండి. ఎన్ని అక్షరాలు పోయాయో అన్ని చుక్కలు పెట్టండి. దాన్ని గ్రంథపాతం అంటాం. మీ ప్రతిలో ఏముందో అదే మాకు కావాలి."

రాత్రి ఎగ్మోర్ నుంచి తంజావూరు రైలెక్కాను.

ఆరో రోజు, తంజావూరు

రాజప్రాసాదం ఆవరణలోనే సరస్వతీ మహల్ ఉంది. గ్రంథాలున్న గదుల్లోకి అందరినీ పంపరు, ప్రదర్శనశాల మాత్రం చూడొచ్చు. తాటాకు గ్రంథాలు, బొమ్మలున్న పుస్తకాలు, పాత పటాలు. మొత్తం 49 వేల దాకా లిఖిత ప్రతులున్న ఈ గ్రంథాలయంలో ఎక్కువ భాగం సంస్కృతానివి. తమిళం, మరాఠీ ఉన్నాయి. తెలుగువి ఎనిమిది వందల పైచిలుకు.

తమిళ దేశం నడిబొడ్డున తెలుగు ఎందుకుందంటే, విజయనగరం దక్షిణానికి పంపిన నాయకరాజులు ఇక్కడ స్థిరపడ్డారు కాబట్టి. హంపీ పోయాక తెలుగు కవిత్వానికి పెద్ద దిక్కు తంజావూరే. రఘునాథనాయకుడు తానే కవి. చేమకూర వెంకటకవి విజయవిలాసం ఆయనకే అంకితం. రామభద్రాంబ, మధురవాణి ఆయన కొలువులోని కవయిత్రులు. కొడుకు విజయరాఘవుడి కొలువులో రంగాజమ్మ. అప్పట్లో ఈ పుస్తకశాలను సరస్వతీ భండారం అనేవారు.

1673లో మదురై సేనలు వచ్చాయి. ముసలితనంలో విజయరాఘవుడు యుద్ధానికి దిగి చనిపోయాడు. అంతఃపురాన్ని మందుగుండుతో పేల్చేశారని చెబుతారు. కొద్ది ఏళ్ళలోనే మదురై వాళ్ళ చేతి నుంచి మరాఠా ఏకోజీ చేతికి కోట వచ్చింది. మూడు జెండాలు మారాయి. పుస్తకాలు ఉన్నచోటే ఉన్నాయి. ఇంకా ఆశ్చర్యం, తెలుగు కూడా ఆగలేదు. ఏకోజీ కొడుకు శహాజీ మరాఠీ మాతృభాష అయినవాడు, పల్లకి సేవా ప్రబంధం తెలుగులో రాశాడు. కొత్త ఏలిక పాత ఏలిక భాషను నేర్చుకుని అందులో కావ్యం చెప్పిన సందర్భాలు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి!

దర్బారు హాలులో మరాఠా రాజు రెండో శరభోజీ పాలరాతి విగ్రహం ఉంది, చేతులు జోడించి నిలబడినట్టు. చెక్కింది ఇంగ్లండు శిల్పి ఫ్లాక్స్‌మన్. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. శరభోజీ 1798లో గద్దెనెక్కాడు. మరుసటి ఏడాదే ఇంగ్లీషువాళ్ళు ఒప్పందం రాయించుకుని పాలన తీసేసుకున్నారు. కోట, చుట్టుపక్కల కొంచెం చోటు, భత్యం మాత్రం మిగిలాయి. రాజ్యం పోయిన రాజు ఏం చేస్తాడు? చాలామంది వేటలోనూ విలాసాల్లోనూ కాలం గడిపారు. ఈయన పుస్తకాలు కొన్నాడు. యూరప్ భాషలవే వేల పుస్తకాలు తెప్పించాడు. 1820లో కాశీయాత్రకు వెళ్తూ పండితులను వెంట తీసుకెళ్ళి, అక్కడ ప్రతులు రాయించి, కొనిపించి తీసుకొచ్చాడు. అంతకుముందు 1803లోనే తమ వంశచరిత్రను పెద్దగుడి గోడల మీద మరాఠీలో చెక్కించాడు. ఆకును నమ్మినవాడు రాయిని కూడా నమ్మాడు. ముందు ఏం రాబోతోందో ఆయనకు తెలుసని నాకు గట్టిగా అనిపిస్తుంది.

వచ్చింది. 1855లో ఆయన కొడుకు మగసంతానం లేకుండా చనిపోగానే కంపెనీ కోటను స్వాధీనం చేసుకుంది. ప్రాసాదంలోని ఆస్తికి సీళ్ళు పడ్డాయి. రాణి కామాక్షిబాయి అప్పటి అత్యున్నత న్యాయస్థానం లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా పోరాడి ఓడిపోయింది. ఆ సీళ్ళ వెనక చీకట్లో ఈ తాటాకులు ఉన్నాయి. తర్వాత జిల్లా జడ్జిగా వచ్చిన బర్నెల్ వాటిలోని సంస్కృత గ్రంథాలకు వర్గీకరించిన సూచిక తయారు చేసి 1880లో అచ్చు వేయించాడు. ఏముందో జాబితా ఉంటే పోయినప్పుడు తెలుస్తుంది. జాబితా కూడా ఒక కాపలానే. చివరికి 1918లో రాజవంశీకులు గ్రంథాలయాన్ని ప్రజలకు వదిలిపెట్టారు. నిర్వహణకు లక్ష రూపాయలు కూడా ఇచ్చారు.

ఈలోగా మనకు ఇక్కడి నుంచి ఒక పెన్నిధి దొరికింది. నన్నెచోడుడి కుమారసంభవం అనే కావ్యం ఉందన్న సంగతి తెలుగు లోకం మరిచిపోయింది. మానవల్లి రామకృష్ణకవి గారు ఇక్కడి తాళపత్రాల్లో దాన్ని గుర్తించి, 1909లో మొదటి భాగం అచ్చు వేయించారు. నన్నెచోడుడు నన్నయకు ముందువాడా, తర్వాతవాడా అని పండితులు దశాబ్దాల పాటు వాదించుకున్నారు. ఆ వాదన అటుంచితే, నన్ను కుదిపేసింది వేరే సంగతి. మా కడప పెద్దాయన చెప్పింది నిజమే, అందరిళ్ళలో ఉన్నది బతుకుతుంది. కానీ అందరూ మరిచిపోయింది? దానికి ఇలాంటి చోటు ఒక్కటైనా ఉండాలి. తెలుగు రాని కాపలావాళ్ళ చేతుల్లో, తెలుగు మాట్లాడని ఊళ్ళో, నాలుగు ప్రభుత్వాల కింద ఆ కావ్యం మన కోసం ఎదురు చూసింది.

సాయంత్రం భద్రపరిచే విభాగం గురించి తెలిసినవారు ఒకరు ఇక్కడి పాత పద్ధతి చెప్పారు. వస కొమ్ము, నల్లజీలకర్ర, లవంగాలు, మిరియాలు, దాల్చినచెక్క దంచి, కర్పూరం కలిపి, చిన్న గుడ్డ మూటలుగా కట్టి గ్రంథాల మధ్య పెడతారట. వాసన తగ్గగానే మార్చాలి. మార్చడం మానేస్తే లాభం లేదు. ఈ చివరి మాట ఆయన రెండుసార్లు చెప్పారు.

ఏడో రోజు, తంజావూరు స్టేషను

రైలు మూడు గంటలు ఆలస్యం. ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చుని మనవరాలికి ఫోన్ చేశాను. పెనుకొండ ఏనుగుల సంగతి, కావలి లక్ష్మయ్య సంగతి చెప్పాను. "మరి ఆ పండితుల పేర్లన్నీ రాసుకున్నావా?" అంది. తెలిసినవి రాసుకున్నానని చెప్పాను.

తర్వాత తువ్వాలు పరిచి కట్ట విప్పాను. ఆకులు లెక్కపెట్టాను, నలభై మూడు. గిలక గుర్తు పట్టిన ఆ ఆకునే ముందు తీసుకున్నాను. కడప పెద్దాయన పట్టుకున్నట్టు వెలుగుకు ఏటవాలుగా పట్టుకుని, నోటుపుస్తకంలో పెన్సిలుతో ఎత్తి రాయడం మొదలుపెట్టాను. ఒక్కో అక్షరం చూసి, రాసి, మళ్ళీ చూసుకుంటే ఒక పాదానికి పావుగంట పట్టింది. మెడ లాగింది.

రెండో పాదంలో "గర్వాంధ ప్రతివీర" దాకా బాగానే ఉంది. ఆ తర్వాత పురుగు తొలిచిన రంధ్రం. రంధ్రం అవతల "విద్యాపారగుల్" స్పష్టంగా ఉంది. మధ్యలో పోయింది "నిర్మథన". ముప్పై ఏళ్ళు పిల్లల చేత వల్లె వేయించిన పద్యం, ఆ మాట నా నోట్లో తిరుగుతూనే ఉంది. పెన్సిలు కాగితం మీద ఆనించి కాసేపు ఆగాను.

నాలుగు అక్షరాలు. నాలుగు చుక్కలు పెట్టి, పక్క మాటకు వెళ్ళాను.